ముంగిట పరచే రాయి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ముంగిలి పరచి చూడు అని కూడా వారు చేర్చవలసినదని మాకు అనుభవం మీద తెలిసింది. ఇల్లు కట్టేటప్పుడు గోడకు ఏ ఇటుక మంచిది, కప్పుకు ఏ కమ్మీ మంచిది అని పదిమందిని అడుగుతాము. వీధి గేటు మొదలు గడప దాకా ఉన్న నాలుగు గజాల నేల మాటకు వచ్చేసరికి చేతిలో డబ్బూ ఓపికా రెండూ అయిపోయి ఉంటవి. ఇక మేస్త్రీ చెప్పినదే మాట, కొట్టువాడు చూపినదే రాయి. కాని ఇంటికి వచ్చే ప్రతి మనిషీ మొదట కాలు పెట్టేది ఆ నేల మీదనే. ఇంటి మీద పడిన ప్రతి వానచుక్కా చివరకు చేరేదీ ఆ నేలకే.

ఈ విషయంలో మేము చేసిన పొరపాటును దాచుకోకుండా చెబుతాము. మన కుటుంబాలలో ఒక్కరికైనా అది పనికివస్తే మాకు సంతోషమే.

మా ఇల్లు చెన్నైలో ఉన్నది. మా తాతగారు నెల్లూరు నుంచి వచ్చి కట్టుకొన్న ఇల్లు. ముంగిలి ఆరువందల చదరపు అడుగులు ఉంటుంది. ఒక వైపు బావి, ఒక వైపు సంపెంగ చెట్టు, మధ్య గేటు నుంచి మెట్ల దాకా గరుకు రాతి బండల బాట. తక్కినదంతా ఇసుక కలిసిన మట్టి. 2017 వేసవిలో కారు కొన్నాము. కారు వచ్చిన ఇంటికి మట్టి ముంగిలి ఏమి శోభ అనిపించింది. పాత బండలు పెళ్ళగించి బావి వెనుక పేర్పించాము. గోడ మొదలు గోడ దాకా అద్దంలాగ మెరిసే నల్ల గ్రానైటు పరిపించాము. చూసినవారందరూ భేష్ అన్నారు. సంపెంగ మొదట జానెడు మట్టి కూడా మిగల్చలేదు.

ఆ కార్తికంలో ముసురు పట్టింది. తెల్లవారుజామున మా అమ్మగారు అలవాటు ప్రకారం కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టబోయారు. అప్పటికి ఆవిడకు 74 ఏళ్ళు. తడిసిన గ్రానైటు మీద కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, మూడు నెలల మంచం, తరువాత చేతికర్ర. ఆ రాయి పరచిన మేస్త్రీని తప్పుపట్టము. మెరిసేది కావాలని అడిగినవారము మేమే.

రెండవ దెబ్బ నెమ్మదిగా తగిలింది. 2018లో వానలు తక్కువ. 2019 వేసవిలో చెన్నైకి నీరిచ్చే చెరువులు దాదాపుగా ఎండిపోయిన సంగతి అందరికీ జ్ఞాపకమే. మా బావి కూడా మొదటిసారిగా అడుగంటింది. ఊరంతా ఎండినప్పుడు మా బావి ఒక్కటి ఎండదా అనవచ్చు. నిజమే, మా బండలొక్కటే కారణమని అనము. కాని ఆ ఉన్న కొద్దిపాటి వాన కూడా మా నేలలోకి ఇంకలేదు. గ్రానైటు మీద జారి, గేటు కిందుగా వీధిలోకి, వీధి నుంచి కాలువలోకి పోయింది. ఆ నీరు పోతుంటే అరుగు మీద కూర్చుని చూసినవారము మేము.

ఆ వేసవి చివరనే బండలు తీయించాలని నిశ్చయించుకొన్నాము. పనికి వచ్చిన రాతిపని పెద్దాయన మా అమ్మగారి మాట విని, "అమ్మా, తమరు తెలుగువారా? మేమూ ఇంట్లో తెలుగే మాట్లాడతామమ్మా" అన్నాడు. తమిళ, కన్నడ దేశాలలో తరతరాలుగా రాతిపని చేస్తున్న వడ్డెర కుటుంబాలు ఇంటి భాషగా తెలుగును నిలుపుకొన్నవే. "మీది ఏ ఊరు నాయనా?" అని అమ్మగారు అడిగారు. "తాతలనాటి ఊరు తెలియదమ్మా. రాయి ఎక్కడ ఉంటే అదే మా ఊరు" అన్నాడాయన. తరువాత చేతికర్రతో ఒక్కొక్క బండనే తట్టుతూ నడిచాడు. కొన్ని గట్టిగా పలికినవి, కొన్ని డొల్లగా పలికినవి. "నాలుగు మూలలా సిమెంటు ముద్దలు పెట్టి పైన రాయి పరిచారమ్మా. నడుమ అంతా గాలే" అన్నాడు. కారు చక్రం నడిచే చోట రెండు బండలు అప్పటికే విరిగి ఉన్నవి. "మెరుపు గోడకు ఉండవచ్చు. కాలికింద గరుకే ఉండాలి" అని ఆయన అన్న మాట మాకు పాఠమైంది. ఆ పనిలో ఆయన దగ్గర నేర్చుకొన్నదీ, తరువాత అడిగి చదివి తెలుసుకొన్నదీ ఇక్కడ వ్రాస్తున్నాము.

రాళ్ళలో తేడా

మన ప్రాంతాలలో దొరికే రాళ్ళను ముఖ్యంగా మూడు రకాలుగా గుర్తుపెట్టుకొంటే చాలు.

మొదటిది గ్రానైటు జాతి. భూమి లోపల కరిగిన పదార్థం నెమ్మదిగా చల్లారి గట్టిపడిన రాయి ఇది. ఎండకూ వానకూ బరువుకూ తట్టుకొంటుంది, చింతపండు పులుసుకూ నిమ్మరసానికీ చెక్కుచెదరదు. బెంగుళూరు, హోసూరు ప్రాంతాలలో పాత ఇళ్ళ ముందు కనిపించే బూడిదరంగు బండలు, కన్నడంలో చప్పడి కల్లు అనేవి, ఇవే. చెన్నై దగ్గర పల్లావరం రాయి వీటికి దగ్గరి చుట్టం. దానికొక కథ ఉన్నది. కలకత్తాలో ఇంగ్లీషు కంపెనీ స్థావరం నెలకొల్పిన జాబ్ చార్నాక్ 1693 ప్రాంతంలో చనిపోతే, ఆయన సమాధికి ఈ రాయిని ఇక్కడి నుంచి తీసుకొనిపోయారు. 1893లో హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ సమాధి రాతిని పరీక్షించి, చార్నాక్ పేరు మీదుగా ఆ జాతికి చార్నొకైటు అని పేరు పెట్టాడు. మూడువందల ఏళ్ళు దాటినా ఆ రాయి నిలిచే ఉన్నది. ముంగిట వేసిన రాయి మనుమల దాకా ఉండాలంటే ఈ జాతిని చూసుకోవచ్చు. కాని అదే గ్రానైటును మెరుగు పెడితే తడిలో జారుతుంది. దోషం రాయిది కాదు, మెరుగుది.

రెండవది సున్నపురాయి జాతి. కడప నాపరాయి, బేతంచెర్ల రాయి, తాండూరు నీలం, తాండూరు పసుపు, కర్ణాటకలోని షాబాదు రాయి అన్నీ ఈ కుటుంబంలోవే. షోలాపూరు, పూనా వైపు మనవారు శహాబాదీ ఫర్షీ అని పిలుచుకొనేది ఈ చివరిదే. ఒకప్పుడు నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకొన్నవి గనుక, ఉలి పెట్టి కొడితే పలకలుగా విడిపోతవి. అందుకే చవక, అందుకే పరచడం సులువు. పొరతో పాటు విడిన సహజమైన ముఖం కొంచెం గరుకుగా ఉండి కాలికి పట్టు ఇస్తుంది. బాటకూ పెరటి తిన్నెకూ ఇవి బాగుంటవి. అయితే రెండు జాగ్రత్తలు కావాలి. పులుపు తగిలితే సున్నపురాయి తినివేయబడుతుంది. స్నానాల గది కడిగే ఆసిడును దీని మీద పోస్తే రాయి పాడయిపోతుంది. ఇక అంగుళం మందం పలక కింద గట్టి ఆధారం లేకుండా కారు చక్రాన్ని మోయలేదు.

మూడవది రంధ్రాల ఎర్రరాయి, లాటరైటు. బరంపురం వైపువారికి మాంకడ రాయిగానూ, కొంకణం వైపువారికి జాంభాగానూ పరిచయమే. కోసినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలినకొద్దీ గట్టిపడుతుంది. నీరు పీల్చుకొంటుంది, జారదు. కాని నీడపట్టున నాచు పట్టుతుంది, బరువు చక్రాల కింద అంచులు రాలుతవి. నడిచే బాటకు మంచిది, కారుకు కాదు.

రాయి దూరమైన చోట ఏమి చేయాలి? యానాం ఉన్నది గోదావరి ఒండ్రుమట్టి నేల మీద. అక్కడివారు రాతికోసం లారీ కిరాయి పోయడం కంటె, బాగా కాలిన ఇటుకను నిలువుగా అంచు మీద నిలబెట్టి, ఇసుక పరుపు మీద పరచుకోవడం మేలు. ఇటుక కంగుమని పలకాలి. ఒకనాడంతా నీటిలో నానినా గోటికి గీరుకుపోకూడదు.

ఇప్పుడు సిమెంటు దిమ్మెలు కూడా ఊరూరా దొరుకుతున్నవి. ఒకదానిలో ఒకటి ఇమిడేటట్లు పోతపోసినవి. ఇంటి కారు నడిచే చోటికి 60 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. నీళ్ళ ట్యాంకరు లోపలికి రావలసి ఉంటే 80 మిల్లీమీటర్లు వేయించాలి. కింద పైపు పగిలితే నాలుగు దిమ్మెలు ఊడదీసి బాగుచేసి మళ్ళీ అవే పెట్టుకోవచ్చు. ఇది పెద్ద సౌకర్యం.

కొట్టులో చేయవలసిన పరీక్షలు

రాళ్ళ కొట్టుకు పోయేటప్పుడు ఒక నిమ్మకాయ, ఒక సీసాడు నీళ్ళు తీసుకొనిపోండి. కొట్టువాడు నవ్వినా ఫరవాలేదు.

ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి కాసేపు ఆగండి. సన్నని బుడగలు లేచినా, తుడిచిన తరువాత అక్కడ నిగారింపు పోయి మచ్చ మిగిలినా అది సున్నపురాయి జాతి. పొయ్యి గట్టు దగ్గరా, చింతచెట్టు కిందా అది తగదు.

రాతిని తడిపి, చెప్పులు విడిచి, తడికాలుతో దాని మీద నిలబడి పాదాన్ని ముందుకు తోయండి. జారితే ఆ రాయి ముంగిటికి పనికిరాదు. పొడిగా ఉన్నప్పుడు చేసే పరీక్ష పరీక్ష కాదు. గ్రానైటే కావాలంటే మెరుగు పెట్టనిది గాని, మంటతో కాల్చి గరుకు చేసినది గాని, ఉలితో గంట్లు పెట్టినది గాని అడగండి. మంట తగిలినప్పుడు రాతిలోని రవ్వలు ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా వ్యాకోచించి పైపొర పెచ్చులుగా ఎగిరిపోతుంది. అందువల్ల గరుకు వస్తుంది.

సుత్తి వెనుకతో తట్టి చూడండి. మంచి రాయి మోగుతుంది, లోపల పగులు ఉన్నది మొద్దుగా పలుకుతుంది. నాలుగు అంచులా మందం కొలవండి. ఒక మూల అంగుళం, ఒక మూల ముప్పావు అయితే పరిచేవాడికి బాధ, తరువాత మీకు బాధ.

చివరగా, మధ్యాహ్నం ఎండలో పెట్టి ముట్టుకోండి. నల్లరాయి ఎండను తాగి మండుతుంది. చెప్పులు లేకుండా పెరట్లో తిరిగే ఇళ్ళు మనవి. బట్టలారేసే చోటా, పిల్లలు ఆడుకొనే చోటా లేతరంగు రాయి వేసుకోవడం మంచిది.

పరిచే పద్ధతి

రాయి ఎంత మంచిదైనా కింది పని చెడితే అంతా చెడినట్లే. పరచడంలో సగం ఖర్చు కనబడని చోట పెట్టాలని ఆ పెద్దాయన అన్నాడు.

కారు నడిచే చోట పైమట్టి తీసివేసి, ఆరంగుళాల మందాన కంకర వేయాలి. ఒకేసారి పోయకుండా రెండు మూడు విడతలుగా వేసి, ప్రతి విడతకూ తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. దాని మీద అంగుళం, అంగుళంన్నర ఇసుక పరుపు. దాని మీద దిమ్మెలు గాని, రెండంగుళాలకు తక్కువ కాని రాతి బండలు గాని పెట్టాలి. చుట్టూ అంచుకట్టు లేకపోతే ఇసుక పక్కకు జారి రాళ్ళు కదులుతవి. సిమెంటు మీదనే పరచదలిస్తే బండ అడుగుభాగమంతా సిమెంటుకు ఆనాలి. మూలలకు ముద్దలు పెట్టనివ్వకండి. పని జరిగేటప్పుడే కర్రతో తట్టి, డొల్లగా పలికినదాన్ని అప్పటికప్పుడు తీయించండి.

నడక బాటకు ఇంత పని అక్కరలేదు. మూడంగుళాల కంకర, దాని మీద ఇసుక చాలు. విడివిడి బండలు వేస్తే ఒకదాని నడుమ నుంచి మరొకదాని నడుమకు రెండడుగులు ఉంచండి. ఇంటిలోని పెద్దవారిని నడిపించి, వారి అడుగుకు సరిపెట్టడం ఇంకా మంచిది.

వాలు అడుగుకు పావు అంగుళం ఉండాలి. ఎనిమిది అడుగులకు రెండంగుళాలు. రసమట్టం పెట్టి మీరే చూసుకోండి. వాలు గోడవైపు కాక చెట్టువైపో ఇంకుడు గుంతవైపో పోవాలి. వీధివైపు పోకూడదు.

నాచు పట్టితే గట్టి చీపురుతో రుద్దండి. అప్పటికీ పోకపోతే కొద్దిగా బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళు పోసి, తరువాత మంచినీళ్ళతో కడగండి. బ్లీచింగునూ ఆసిడునూ ఎన్నడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

ఎంత నేల కప్పాలి?

ఏ రాయి అని అందరూ అడుగుతారు. ఎంత రాయి అని అడిగేవారు తక్కువ. మేమూ అడగలేదు.

ఒక చదరపు అడుగు మీద అంగుళం వాన పడితే అది సుమారు 2.36 లీటర్ల నీరు. మా ఆరువందల అడుగుల ముంగిట ఒక అంగుళం వానకు 1,400 లీటర్ల పైచిలుకు పడుతుంది. చెన్నైలో ఏడాది సగటు వాన దాదాపు 1,400 మిల్లీమీటర్లు, అనగా 55 అంగుళాలు. అంటే ఏటా 78 వేల లీటర్లు. 12 వేల లీటర్ల ట్యాంకరు లారీలు ఆరున్నర. అంతా ఇంకదు, కొంత ఆవిరి అవుతుంది. అయినా, దానిలో ఇంకగలిగినదానిని వీధికి తోలి, వేసవిలో ట్యాంకరుకు ఫోను చేసి నిలబడిన తెలివి మాది. తమిళనాడులో 2003లో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. మా మిద్దె మీది నీటికి గొట్టమూ గుంతా ఉన్నవి. ముంగిటి నీటి మాట మాత్రం మాకు తోచలేదు.

కారుకు నేలంతా అక్కరలేదు, చక్రాలకు రెండు పట్టీలు చాలు. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు చోటును పూర్తిగా కప్పితే 150 చదరపు అడుగులు. రెండడుగుల వెడల్పు పట్టీలు రెండు వేస్తే 60 చదరపు అడుగులే. మిగిలిన 90 అడుగులలో గరిక పెరుగుతుంది, నీరు ఇంకుతుంది, రాతి ఖర్చూ తగ్గుతుంది. గోడ పక్కన మాత్రం రెండడుగులు కప్పి, బయటకు వాలు ఇవ్వాలి. పునాదిలోకి నీరు దిగకూడదు. చెట్టు మొదట మూడడుగులైనా మట్టి వదలండి. రాళ్ళ సందులను సిమెంటుతో పూడ్చకుండా ఇసుకతో నింపితే సందుల గుండా కూడా నీరు కొంత దిగుతుంది.

మేము చివరకు చేసినది

బావి వెనుక పేర్చిన పాత బండలు అక్కడే ఉన్నవి. మూడంగుళాల మందం. పెద్దాయన ఒకదానిని తట్టి, ఇది పల్లావరం రాయే అయి ఉండవచ్చునన్నాడు. వాటిని తెచ్చి బాట మళ్ళీ వేశాము. కారుకు రెండు పట్టీలు సిమెంటు దిమ్మెలతో పరచాము. ఊడదీసిన గ్రానైటులో విరగనివి వంటింటి అలమరలకు పనికివచ్చినవి. మెట్ల మీది గ్రానైటు రెండంగుళాల మందం గనుక తీయలేదు. రోటికి కక్కు కొట్టినట్లు ఉలితో సన్నని గంట్లు పెట్టించాము. సంపెంగ మొదట గుండ్రంగా మట్టి విడిచాము. పనికి తొమ్మిది రోజులు పట్టింది. మొదటిసారి ఈ బుద్ధి ఉంటే అంత డబ్బూ మిగిలేది. అమ్మగారి తుంటి ఎముక లెక్కలో రాదు.

ఆ ఏడు ఐప్పసి వానలకు గేటు కిందుగా వీధిలోకి పోయిన నీరు చాలా తక్కువ. వాన వెలిసిన గంటకు ముంగిట నీరు నిలువలేదు. బావిలో నీళ్ళు ఎంత పైకి వచ్చినవో చూడడానికి మా పిల్లలు రోజూ తాడు వేసి కొలిచేవారు. అది వానల పుణ్యమా, మా మట్టి పుణ్యమా అని వాదించడం మాకు ఇష్టం లేదు.

అమ్మగారు చేతికర్రతో మెట్లు దిగి, పాత బండ మీద కాలితో రెండుసార్లు నొక్కి చూసుకొన్నారు. వంగి ముగ్గు పెట్టలేరు గనుక కోడలి చేత పెట్టించారు. "మెరిసే రాయి మీద ముగ్గు గాలికి ఎగిరిపోయేది. ఇది పట్టుకొన్నది చూడు" అన్నారు.

మీ ఇంటి ముందు రాయి వేయించే ముందు, దయచేసి ఒక సీసాడు నీళ్ళు పోసి, ఇంటిలోని పెద్దవారి చేయి పట్టుకొని, దాని మీద నాలుగడుగులు నడిచి చూడండి. తరువాతనే బేరం కుదుర్చుకోండి.